రెండో అతుకు

1936 నవంబరు 26, గురువారం

నీ చేత్తో చేసిన పని మీద నీ చెయ్యే పెట్టి నిలబడగలవా? నిన్నే అడుగుతున్నాను, మొహం పక్కకు తిప్పుకోకు. మంచం అల్లేవాడివా? ముందు నువ్వు దాని మీద పడుకో. మందు నూరేవాడివా? మొదటి మోతాదు నువ్వు మింగు. వాక్యం చెప్పేవాడివా? చెప్పిన దాని ప్రకారం ఒక్క పూట బతికి చూపించు!

ఆదివారం మా ప్రార్థన డేరాలో ఇదే చెబుతాను. మరిచిపోతానని ముందుగా ఇక్కడ రాసుకున్నాను.

ఈ మాట ఊరికే తోచలేదు. ఈ రోజు ఊరి ఠేకేదారు, మేమంతా పటేలా అని పిలిచే సీతారాములుగారు కబురు పెట్టారు. ఆయన నూర్పిడి యంత్రం వాళ్ళ నాన్న కాలంలో గోదావరి మీద పడవలో వచ్చినది. ఎనిమిది ఎద్దులు గానుగ తిరిగినట్టు తిరిగితే లోపల పళ్ళచక్రం తిరుగుతుంది. దాని నోటికి వరి మోపులను చేర్చేది కాన్వాసు పట్టా. రెండు రోలర్ల మీద తిరిగే గుడ్డ, దాని మీద అడ్డంగా చెక్క బద్దలు. ఆ గుడ్డ రెండు చోట్ల అరిగి జల్లెడ అయింది.

“ఏందయ్యా ముసలయ్యా, మీ బైబిల్ల పౌలు డేరాలు కుట్టి బతికిండని మద్దేడు దాకా చాటుతవు గదా. నా పట్టా కుడతడా?”

“పౌలు లేడు పటేలా. నేనున్న.”

“నువ్వు కుట్టేదానికన్న మాట్లాడేదెక్కువ. అందుకే అడిగిన.”

భద్రాచలం నుంచి మూడు గజాల కొత్త కాన్వాసు తెప్పించి ఉంచారు. ముట్టుకుంటే డప్పు మీది తోలులా బిగువుగా ఉంది. నేను ప్రభువు మాట చెప్పాను: పాత బట్టకు కొత్త గుడ్డ మాసిక వెయ్యరు, వేస్తే కొత్తది ముడుచుకుని పాతదాన్ని ఇంకా చించుతుంది. నా దగ్గర పాత డేరా గుడ్డ ఉంది, రెండు అతుకులూ దానితోనే వేస్తానన్నాను.

“మరి ఈ కొత్తదాన్ని నేనేం జేసుకోను?”

“దేవుని డేరాకు ఇయ్యి పటేలా. నెత్తిన నీళ్ళు కారుతున్నయి.”

ఆయన పొట్ట పట్టుకుని నవ్వారు. “నీ దేవునికి బేరం బాగ తెలుసు.” ఇచ్చారు.

నవంబరు 28, శనివారం

అతుకులు రెండూ పూర్తయ్యాయి. ఆరెతో పొడిచి, దబ్బనంతో రెండు వరసల కుట్టు. దారానికి మైనం నా భార్య సోమక్క పట్టింది. గుడ్డ పాత డేరా వెనక తెర నుంచి కత్తిరించాను. వానాకాలమంతా అటక మీద మడిచి ఉంది. అక్కడక్కడ నల్ల చుక్కలు ఉన్నాయి. గుగ్గిలం, మైనం కరిగించి రుద్దితే కనబడలేదు.

సోమక్క ముక్కు చిట్లించింది. “గుడ్డ కంపు కొడ్తాంది.”

“పాత గుడ్డ కంపు కొట్టక అత్తరు వాసనొస్తదా?”

“పట్టి లాగి చూడరాదు?”

“అన్నీ లాగి చూసేటోడు అవిశ్వాసి.”

“గుడ్డ సంగతిల విశ్వాసమేందయ్యా! కొత్త కాన్వాసు తడిపి ఆరబెడితే ముడుచుకునేదంతా అప్పుడే ముడుచుకుంటది. ఇరవై ఏండ్ల సంది నువ్వు చేసే పనే గదా అది.”

“వాక్యం ముందర నీ తెలివి పెట్టకు.”

మైనం ముద్ద నా ముందు పెట్టి పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది. వాదనలో నేనే గెలిచాను.

నవంబరు 29, ఆదివారం

డేరా నెత్తిన కొత్త కాన్వాసు. ఎండ పడితే లోపలంతా పాలు పోసినట్టు వెలుగు. నలభై ముగ్గురు వచ్చారు. ఇంతమంది ఎన్నడూ రాలేదు. ఇర్మె, ఆమె ఆడబిడ్డ బుధ్రి ముందు వరసలో కూర్చున్నారు. అడవి పక్క దోర్ల తెగవాళ్ళలో నా డేరాకు వచ్చేది ఈ ఇద్దరే.

నీ పని మీద నీ చెయ్యి పెడతావా అని గట్టిగా అడిగాను. ఇర్మె ఊరుకునే మనిషా? తన మొగుడు పొజ్జాను తలుచుకుని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

“పెద్దయ్యా, మా పొజ్జా కట్టిన మంచె ఎక్కమని ఆయన్నే అడుగు. నన్ను ఎక్కిస్తడు గాని తను ఎక్కడు.”

డేరా అంతా నవ్వింది. నేనూ నవ్వాను.

డిసెంబరు 1, మంగళవారం

యంత్రం మొదలైంది. పట్టా మెలిపడలేదు, పక్కకు జారలేదు. సీతారాములుగారు నా భుజం తట్టారు.

పట్టా పక్కన ఎత్తుగా వేసిన చెక్క పలక మీద నిలబడి మోపులు అందించేది ఇర్మె. మొదటి మోపు వేసే ముందు యంత్రం నోటి దగ్గర ఒక కోడిగుడ్డు పెట్టింది. కళ్ళంలో పని మొదలుపెట్టేటప్పుడు వాళ్ళకది ఆచారం. నేను కేక వేశాను.

“ఆదివారం డేరాల కూసుంటవు, మంగళారం ఇనుముకు గుడ్డు పెడతవా?”

“ఏడాదంతా పస్తున్నది పెద్దయ్యా ఇది. గుడ్డు తింటే నన్ను తినదు,” అని నవ్వింది. తియ్యలేదు.

డిసెంబరు 3, గురువారం

ఇర్మె చెయ్యి.

కుట్టు తెగలేదు. నేను దగ్గరికి పోయి చూశాను. కుట్టు తెగలేదు.

డిసెంబరు 4, శుక్రవారం

ఆమెను బండి మీద భోపాలపట్నం దవాఖానాకు తీసుకెళ్ళారు. కంపౌండరు రెండు వేళ్ళు తీసేశాడట. కుడిచేతి చూపుడువేలు, నడిమివేలు.

జరిగింది జరిగినట్టు రాయాలి. పొద్దు నడినెత్తికి రాలేదు. నేను యంత్రం పక్కనే ఉన్నాను. పట్టా టప్పుమని చిరిగింది, ఒక బద్ద పైకి లేచింది. చిరిగిన గుడ్డ ఆమె చేతికి చుట్టుకుని రోలర్ల సందులోకి లాక్కుపోయింది. పొజ్జా ఎద్దుల ముందుకు దూకి అరిచాడు. ఎనిమిది ఎద్దులు ఒక్క అరుపుకు ఆగవు. రెండడుగులు వేసి ఆగాయి.

ఆ రెండడుగులు.

ఆమెకు పని మీద ధ్యాస లేదు. పక్కనున్న బుధ్రి వైపు తిరిగి ఏదో అంటోంది, నవ్వుతోంది. చెయ్యి అంత ముందుకు చాచకూడదు. ఇది రాసిపెట్టడం అవసరం. నా కుట్టు ఒక్క పోగు కూడా తెగలేదు. దాని పక్కన గుడ్డ చిరిగింది.

డిసెంబరు 6, ఆదివారం

జనం వాక్యం వినడానికి రాలేదు, నా మొహం చూడడానికి వచ్చారు. ఏదో ఒకటి చెప్పాలి. గుడ్డు సంగతి చెప్పాను. దేవునికి జోడించిన చెయ్యి ఇనుముకూ చాస్తే ఆ చెయ్యి నిలవదన్నాను. ఇర్మె పశ్చాత్తాపపడేదాకా డేరాలోకి రావద్దన్నాను.

బుధ్రి తల ఎత్తలేదు.

వెళ్ళేటప్పుడు అందరూ మంచి ప్రసంగం అన్నారు. సోమక్క అనలేదు.

డిసెంబరు 7, సోమవారం

ఈ రోజు వాక్యం చదవలేదు. కళ్ళు మంటగా ఉన్నాయి.

డిసెంబరు 8, మంగళవారం

తప్పు ఎవరిదని దేవుడు అడిగినప్పుడు ఆదాము పక్కనున్న ఆడమనిషినే చూపించాడు.

ఎందుకు రాశానో. కళ్ళు ఇంకా మంటగానే ఉన్నాయి.

డిసెంబరు 9, బుధవారం

సీతారాములుగారు మళ్ళీ పిలిచారు. మోపులు కుప్ప మీద ఉన్నాయి, ఏనుగంత కుప్ప, ఎలుకలు పడ్డాయి. యంత్రం తొందరగా నడవాలి. చిరిగిన అతుకు ఊడదీసి కొత్తది వెయ్యమన్నారు. డేరాకు పోగా మిగిలిన కొత్త కాన్వాసు జానెడున్నర నా దగ్గర ఉంది. పిలుస్తారని తెలిసి నిన్ననే తడిపి ఆరబెట్టాను. దానితో వేశాను. సరిగ్గా సరిపోయింది.

ఆయన నా పక్కన కూర్చుని చుట్ట కాలుస్తూ చూశారు.

“కొత్తది పాతదానికి పనికిరాదంటివి గదా?”

“తడిపి ఆరబెట్టిన పటేలా.”

“ఓహో. అట్ల గూడ చెయ్యొచ్చన్న మాట.”

చుట్ట పొగ వదిలారు. నేను దారం కొరుకుతున్నాను.

రెండో అతుకు విప్పలేదు. దానికి సరిపోయే గుడ్డ మిగల్లేదు. చూపుకు గట్టిగానే ఉంది. లాగి చూడలేదు. చేతులు మైనంగా ఉన్నాయి.

డిసెంబరు 10, గురువారం

పుస్తకం తెరిస్తే ఆకాను కథ వచ్చింది. దోపుడు సొమ్ములో ఒక మంచి వస్త్రం చూసి మనసుపడి, తన డేరాలో నేల కింద దాచినవాడు. వాడు దాచినందుకు వేరేవాళ్ళు చచ్చారు.

మూసి మళ్ళీ తెరిచాను. అక్కడే తెరుచుకుంది. ఆ పేజీల దగ్గర పుస్తకం కుట్టు వదులైంది, దానివల్లే. అట్ట విప్పి మళ్ళీ కుట్టాలి.

డిసెంబరు 11, శుక్రవారం

సోమక్క అటక మీది నుంచి పాత తెర మిగులు ముక్క తెచ్చింది. నా ఎదురుగా నిలబడి, రెండు వేళ్ళతో అంచు పట్టుకుని లాగింది. రెండే వేళ్ళతో. గుడ్డ రెండుగా చిరిగింది, అప్పడం విరిగినంత చప్పుడు కూడా రాలేదు.

“పట్టి లాగిన,” అంది.

“నువ్వు దాన్ని కడిగి ఉంటవు. అందుకే పోయింది.”

“కడగలే. ముట్టుకోలే. పట్టా మీద ఇంకోటి ఉన్నది గదా, దాన్ని గూడ నేనే కడిగిన్నా?”

నేను పుస్తకం చేతిలోకి తీసుకున్నాను.

“అది దించు. ఇది అండ్ల ఎతికే సంగతి గాదు. నువ్వు నాకు మొగుడివి, నీ మాట ఊర్ల నేను ఎత్తను. నువ్వే ఎత్తాలె.”

ఆ ముక్కలు రెండూ నా మోకాళ్ళ దగ్గర పడేసి కల్లుకుండలు కడగడానికి వెళ్ళింది. కల్లు కాదు, నీళ్ళు. కల్లు మానేసి పదకొండేళ్ళయింది. ఎందుకట్లా రాశానో.

డిసెంబరు 12, శనివారం

ఈ రోజు ఇర్మె ఇంటికి వెళ్ళాను. ప్రార్థన చేసి వస్తానని సోమక్కతో చెప్పాను.

ఇర్మె గుమ్మంలో కూర్చుని ఉంది. కుడిచెయ్యి గుడ్డలో చుట్టి ఒళ్ళో పెట్టుకుంది, నిద్రపోయే పసిపిల్లను పెట్టుకున్నట్టు. ముందు చాట నిండా చింతగింజలు. ఎడమచేత్తో ఒక్కొక్కటి ఏరి దొప్పలో వేస్తోంది. దొప్ప నిండగానే మళ్ళీ చాటలో పోసింది.

“ఏందిది?”

“ఇప్పపువ్వు రాలేలోపల ఈ చేతికి ఏరుడు నేర్పుతున్న. గాడిద లెక్క ఉన్నది పెద్దయ్యా ఇది. చెప్పింది ఇనదు.”

నవ్వింది. నా వల్ల కాలేదు.

పొజ్జా ఇంట్లో లేడు. వాళ్ళ పెద్దలు ఆమె పొయ్యి నిప్పు ఎవరూ తీసుకోవద్దన్నారట. డేరాలో జోడించిన చేత్తో పెట్టిన గుడ్డును వాళ్ళ తల్లి దేవత ముట్టలేదు, అందుకే చెయ్యి తీసుకుంది అన్నారట. ఊరికి భోజనం పెట్టేదాకా ఆమెతో పొత్తు లేదు. అటు వాళ్ళు రానివ్వరు. ఇటు నేను రావద్దన్నాను. మధ్యలో చింతగింజలు.

“పెద్దయ్యా, ఒకటి అడుగుతా, తిట్టవు గదా?”

“అడుగు.”

“గుడ్డు పెట్టినందుకే నా చెయ్యి పోయిందని నువ్వు చెప్పినవట. బుధ్రి వచ్చి చెప్పింది. నిజమేనా?”

అప్పుడు చెప్పాల్సింది. అప్పుడే చెప్పాల్సింది. నేను చింతగింజలు చూస్తూ కూర్చున్నాను.

అదే జవాబు అనుకుంది పిచ్చిది. తల ఊపింది.

“నువ్వు చెప్తే నిజమే అయితది. పెద్దలు చెప్పింది నేను నమ్మలే, నీదే నమ్మిన. పలక ఎక్కేటోళ్ళు దొరకక యంత్రం ఇన్ని దినాలు ఆగింది, రేపు బుధ్రి నిలబడుతది. ఆదివారమైన ఎద్దులు కడతరట, పటేలు ఆగడట. ఆ పిల్ల భయపడుతాంది. నేనే చెప్పిన, ‘భయమెందుకే? నువ్వు గుడ్డు పెట్టకు, పెద్దయ్య మాట ప్రకారం ఉండు, నీకేం గాదు’ అని. ఏం గాదు గదా, పెద్దయ్యా?”

“ఏం గాదు,” అన్నాను.

అన్నాను. ఈ నోటితోనే అన్నాను.

ఇంటి దాకా ఎలా నడిచి వచ్చానో తెలియదు. సోమక్క నా మొహం చూసి ప్రార్థన చేశావా అని అడగలేదు.

డిసెంబరు 13, ఆదివారం, పొద్దున

ఇక్కడ నేను తప్ప ఎవరూ చదవరు. అయినా ఇక్కడ కూడా అబద్ధమే రాస్తూ వచ్చాను. పాత పేజీలు ఇప్పుడే చదివాను. ఎక్కడెక్కడ దాచానో నాకు కనబడుతోంది, గుగ్గిలం రుద్దిన చుక్కలు కనబడినట్టు.

కుట్టు తెగలేదు. నిజమే. గుడ్డ చిరిగింది. గుడ్డను ఎంచింది ఎవరు?

మాసిక వాక్యం నాకు ఆ కొత్త కాన్వాసును ముట్టుకున్న తరవాత గుర్తొచ్చింది, ముందు కాదు. దాన్ని చూడగానే డేరా కప్పు గుర్తొచ్చింది. పైనుంచి నీళ్ళు కారితే జనం లేచిపోతున్నారు. మనసుపడ్డాను. తరవాత దానికి తగ్గ వాక్యం వెతుక్కున్నాను. తడిపి ఆరబెడితే సరిపోతుందని నాకు తెలుసు, పద్దెనిమిదేళ్ళ వయసులో అడవిశాఖ డేరాలు కుట్టిననాటి నుంచీ తెలుసు. ప్రభువు మాటను అడ్డం పెట్టి మూడు గజాల గుడ్డ తెచ్చుకున్నాను. ఆకాను నయం. వాడు దాచుకున్నాడు. నేను నెత్తిన పరిచి, దాని కింద నిలబడి వాక్యం చెప్పాను.

ఇంకొకటి ఉంది. చెయ్యి లాక్కుపోయే ముందు ఇర్మె బుధ్రితో ఏదో అంటోందని రాశాను. ఏమంటోందో నాకు వినబడింది. “పెద్దయ్య కుట్టు చూడవే, చీమల బారు లెక్క ఎంత సక్కగున్నది” అంటోంది. అది చూపించడానికే చెయ్యి అంత ముందుకు చాచింది.

ఇది ఇన్ని రోజులు రాయలేదు.

తెల్లవారి చాలాసేపయింది. చలి మంచు బాగా పడింది. మోపులు తడిగా ఉంటే యంత్రం నడవదు, మంచు ఆరేదాకా ఎద్దులను కట్టరు. ఎదురింటి కప్పు మీద ఇప్పుడిప్పుడే ఎండ దిగుతోంది. డేరా దగ్గర ఎవరో ఇద్దరు అప్పుడే వచ్చి కూర్చున్నట్టున్నారు, మాటలు వినబడుతున్నాయి. కళ్ళం వైపు నుంచి ఎద్దుల మెడగంటలు.

సీతారాములుగారు తిడతారు. తిట్టనీ. దోర్ల పెద్దలు, డేరావాళ్ళు అందరూ నవ్వుతారు. వచ్చే ఆదివారానికి డేరాలో సోమక్క తప్ప ఎవరూ ఉండకపోవచ్చు. డేరానే ఉండకపోవచ్చు. ముందు ప్రార్థన కానిచ్చి తరవాత వెళదామా అని ఇప్పుడే, ఈ వాక్యం రాస్తూనే, మనసు అడిగింది. చూశావా ఎంత నేర్పరో! ప్రార్థన అయ్యేసరికి మంచు ఆరిపోతుంది. అర్పణ అక్కడే వదిలిపెట్టి ముందు నువ్వు నొప్పించినవాళ్ళ దగ్గరికి పొమ్మని ప్రభువు చెప్పిన మాట జనానికి ఎన్నిసార్లు చెప్పావు? వాళ్ళకే చెప్పావు.

సోమక్క గుమ్మంలో నిలబడి ఉంది. దబ్బనం, ఆరె, మైనం పూసిన దారం చాటలో పెట్టి నా ముందు పెట్టింది. పైన కత్తి.

ముసలయ్యా, లే. పుస్తకం కాదు, కత్తి తీసుకో. వచ్చినవాళ్ళ ముందరే డేరా కప్పు దించు. ఎందుకని అడిగితే చెప్పు, గొంతు తగ్గించకుండా చెప్పు, పోయిన ఆదివారం తప్పు గుడ్డు మీద నెట్టినప్పుడు ఎంత గొంతుతో చెప్పావో అంత గొంతుతో. ఇర్మె గుమ్మం దారిన పో. ఆమెకు ముందు చెప్పు, పొజ్జా ఉంటే పొజ్జాకు చెప్పు. ఇన్నాళ్ళూ మంచుకు తడిసి ఎండకు ఆరిన ఆ కొత్త గుడ్డ భుజాన వేసుకుని కళ్ళానికి పరుగెత్తు. ఎద్దుల ముందు నిలబడు. రెండో అతుకు నీ చేత్తో కోసెయ్యి. కొత్తది కుట్టు. కుట్టాక బుధ్రిని పలక మీద నుంచి దించి, నువ్వు ఎక్కి, మొదటి మోపు నువ్వు వెయ్యి, నీ కుడిచెయ్యి పట్టా మీద పెట్టి.

ఎండ గుమ్మం దాకా వచ్చింది. మంచు ఆరుతోంది. రాసింది చాలు. పో, ముసలయ్యా. ఇప్పుడే పో!